చోటూ వేళా: హజ్‌లో పొరపాట్లు దొర్లేది ఇక్కడే

హజ్‌కు బయల్దేరే పెద్దవాళ్లలో చాలామందికి ఒకటే దిగులు. తవాఫ్‌లో, అంటే కాబా చుట్టూ తిరిగే ఏడు చుట్లకు ఏడు దుఆలు (వేడుకోళ్లు) నోటికి రావాలి, కాబా పక్కనున్న సఫా గుట్ట మీద ఒకటి, మర్వా గుట్ట మీద ఒకటి, మక్కా బయటి అరఫాత్ మైదానంలోనైతే పేజీలకు పేజీలు. చిన్న పుస్తకం పట్టుకుని నెలల తరబడి బట్టీ పడతారు. రాకపోతే హజ్ కబూల్ కాదేమోనని కుమిలిపోతారు. వాళ్లకు ముందు చెప్పాల్సిన మాట ఇది: చుట్టు చుట్టుకూ ఫలానా దుఆ అని ప్రవక్త ముహమ్మద్ (స) నిర్ణయించలేదు. మీకొచ్చిన తెలుగులో అడగండి, ఉర్దూలో అడగండి, అల్లాహ్‌కు అన్ని భాషలూ తెలుసు. దుఆ మరిచిపోతే హజ్‌కు లోటు రాదు. అరఫాత్ హద్దు అవతల కూర్చుని అటునుంచి అటే వెనక్కొస్తే మాత్రం ఆ ఏడాది హజ్ లేనట్టే. జుల్‌హిజ్జా నెల పదకొండో తేదీన మధ్యాహ్నం కాకముందే, షైతాన్ గుర్తుగా నిలిపిన గోడలకు (జమరాలకు) రాళ్లు కొట్టేస్తే అవి కొట్టనట్టే. హజ్‌లో ప్రతి పనికీ ఒక చోటు ఉంది, ఒక వేళ ఉంది. ఆ రెంటినీ గట్టిగా పట్టుకున్నవాళ్లకు మిగతాదంతా తేలికవుతుంది.

ఇక్కడ రాస్తున్నది హనఫీ ఫిఖా (ధర్మశాస్త్ర పద్ధతి) ప్రకారం. తెలంగాణ, ఆంధ్ర ముస్లిముల్లో ఎక్కువమంది అనుసరించేది అదే. షాఫయీలకు, అహ్లె హదీస్ వారికి కొన్నిచోట్ల తేడాలున్నాయి, ముఖ్యమైనచోట చెబుతాను. ఎవరు ఏ ఆలిమ్ (మత పండితుడి) మాట వింటారో బయల్దేరకముందే తేల్చుకోవాలి. మక్కా పక్కన హాజీలు బస చేసే మినా డేరాలో పక్క మంచం ఆయన చెప్పింది విని సగంలో పద్ధతి మార్చుకోవడం వల్ల వచ్చే గందరగోళం అంతా ఇంతా కాదు.

హజ్‌లో ఫర్జ్‌లు, అంటే తప్పనిసరి పనులు, మూడే. ఇహ్రామ్ (సంకల్పం చేసి హజ్ దీక్షలోకి రావడం), అరఫాత్‌లో వుఖూఫ్ (నిలవడం), తవాఫె జియారత్ (10వ తేదీ నుంచి చేసే తవాఫ్). వీటిలో ఒక్కటి పోయినా దేనితోనూ భర్తీ కాదు. సయీ (సఫా, మర్వాల మధ్య నడక), అరఫాత్ నుంచి వస్తూ ముజ్దలిఫాలో ఆగడం, రాళ్లు కొట్టడం, తల గొరిగించుకోవడం, వీడ్కోలు తవాఫ్ వాజిబ్‌లు, అంటే ఫర్జ్ తర్వాతి మెట్టులో ఉన్న విధులు. తమత్తు హజ్ (ముందు ఉమ్రా అనే చిన్న యాత్ర, తర్వాత హజ్) చేసేవారికి ఖుర్బానీ (జంతుబలి) కూడా వాజిబే. కారణం లేకుండా వాజిబ్ వదిలేస్తే దమ్ పడుతుంది, అంటే హరం (మక్కా పవిత్ర ప్రాంతం) హద్దుల్లోనే ఒక మేకనో గొర్రెనో జిబహ్ చేయించాలి, కోయించాలి. కాబా మూలలోని నల్లరాయి హజ్రె అస్వద్‌ను ముద్దాడటం సున్నత్, అంటే ప్రవక్త (స) ఆచరణ. సాటి మనిషిని నెట్టి బాధపెట్టడం హరామ్. కానీ మతాఫ్‌లో (తవాఫ్ చేసే ఆవరణలో) ఏం జరుగుతుందో చూడండి: సున్నత్ కోసం మోచేతులతో పొడుచుకుంటూ పోయేవారే ముజ్దలిఫా వాజిబ్‌ను అర్ధరాత్రే వదిలేసి వెళ్లిపోతారు. ఆ రాయి ముందు నిలబడి హజ్రత్ ఉమర్ (ర) ఏమన్నారో గుర్తుంచుకోవాలి. నువ్వు రాయివని నాకు తెలుసు, లాభమూ నష్టమూ నీ చేతిలో లేవు, ప్రవక్త ముద్దాడటం చూశాను కనుక ముద్దాడుతున్నాను అన్నారాయన. దూరం నుంచి అరచేతులు అటు చూపి, ‘బిస్మిల్లాహి అల్లాహు అక్బర్’ అని, ఆ చేతులను ముద్దాడితే ఇస్తిలామ్ (ఆ రాయికి అభివాదం) అయిపోయినట్టే.

మన దేశం నుంచి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది చేసేది తమత్తు. ముందు ఉమ్రా చేసి ఇహ్రామ్ విప్పేస్తారు, జుల్‌హిజ్జా 8న మక్కాలోనే మళ్లీ ఇహ్రామ్ కట్టి హజ్ చేస్తారు. మొదటి పొరపాటు శంషాబాద్‌లోనే జరిగిపోతుంది. కుట్టని ఇహ్రామ్ బట్టలను పెద్ద సూట్‌కేసులో సర్ది లగేజీలో వేసేస్తారు. విమానం ఎక్కాక అడిగితే అవి విమానం కడుపులో ఉన్నాయంటారు. బట్టలు చేతిసంచీలో ఉండాలి. ఇంకా మంచిది, స్నానం చేసి, గోళ్లు తీసుకుని, ఇంట్లోనో హజ్ హౌస్‌లోనో కట్టుకునే బయల్దేరడం. బట్ట కట్టుకున్నంత మాత్రాన ఇహ్రామ్ మొదలు కాదు. నియ్యత్ (సంకల్పం) చేసి తల్బియా (లబ్బైక్ అన్న పలుకు) పలికినప్పుడే మొదలవుతుంది.

మీఖాత్ (ఇహ్రామ్ లేకుండా దాటకూడని హద్దు) గురించి పాత పుస్తకాల్లో హిందుస్తాన్ వారికి యలమ్లమ్ అని ఉంటుంది. అది ఓడల కాలపు మాట. ముంబయి నుంచి జిద్దాకు హజ్ ఓడలు 1995తో ఆగిపోయాయి. విమానం తూర్పు నుంచి తాయిఫ్ వైపుగా, ఖర్నుల్ మనాజిల్ మీఖాత్ మీదుగా జిద్దాకు దిగుతుంది. మీఖాత్ వచ్చిందని విమానంలో చెబుతారు, కానీ ఆ నిమిషంలో సగం మంది నిద్రలో ఉంటారు. దిగడానికి గంట ముందే నియ్యత్ చేసేసుకుంటే నిశ్చింత. ముందుగా చేస్తే తప్పులేదు. నియ్యత్ లేకుండా మీఖాత్ దాటేసి జిద్దాలో చేసుకుంటే దమ్ పడుతుంది, లేదంటే వెనక్కి మీఖాత్‌కు వెళ్లి రావాలి. విమానం నేరుగా మదీనాకు వెళ్లేదైతే ఇక్కడ ఇహ్రామ్ కట్టనక్కర్లేదు. మదీనాలో రోజులు పూర్తయ్యాక మక్కాకు బస్సెక్కేటప్పుడు జుల్‌హులైఫాలో కట్టాలి. మస్జిదె నబవీ నుంచి సుమారు పది కిలోమీటర్లు, ఇప్పుడు అబ్‌యార్ అలీ అంటారు. ఇది తెలియక మదీనా విమానానికీ ఇక్కడే నియ్యత్ చేసేసినవాళ్లు ఎనిమిది, తొమ్మిది రోజులు ఇహ్రామ్‌లోనే చిక్కుకుపోతారు.

ఇహ్రామ్ కట్టడం మన మగవాళ్లకు లుంగీ అలవాటు వల్ల సులువే అనిపిస్తుంది. అక్కడే మోసపోతారు. మన లుంగీకి అంచులు కుట్టి ఉంటాయి, ఇది విడి బట్ట. కాళ్లు దగ్గరగా పెట్టి కడితే నాలుగడుగులు వేయగానే ముందు భాగం విచ్చుకుంటుంది. కాళ్లు రెండడుగుల ఎడం పెట్టి నిలబడండి. ఒక అంచు కుడి నడుం దాకా, రెండో అంచు దాని మీదుగా ఎడమ నడుం దాకా తీసుకొచ్చి, పైభాగాన్ని రెండు మూడు మడతలు బయటికి చుట్టి బిగించండి. ఆపైన బెల్టు పెట్టుకోండి. బెల్టుకు కుట్టు ఉన్నా ఫర్వాలేదు. బొడ్డు కప్పేలా, చీలమండల పైన ఆగేలా ఉండాలి. లోపల డ్రాయరు ఉండకూడదు కనుక తొడలు ఒరుసుకుని చర్మం లేచిపోవడం సయీ అయ్యేసరికి చాలామందికి మొదలవుతుంది, అరఫాత్ నాటికి నడవలేని స్థితి వస్తుంది. వాసన లేని వాసెలిన్ రోజుకు రెండుసార్లు రాసుకుంటే ఆ బాధ రాదు. చెప్పులు పాదం పైన ఎత్తుగా ఉండే ఎముక కనిపించేలా ఉండాలి, మామూలు హవాయి చెప్పులు చాలు. ఆడవాళ్లకు మామూలు బట్టలే ఇహ్రామ్, ముఖానికి మాత్రం బట్ట తగలకూడదు. టోపీకి ముందు అంచులాంటిది పెట్టి దాని మీదుగా ముసుగు వేలాడదీసుకుంటారు, అది సరైనదే.

ఇహ్రామ్‌లో ఉన్నంతసేపు సువాసన నిషేధం. మనసు పెట్టి అత్తరు పూసుకునేవాడు ఎవడూ ఉండడు. అత్తరు తెలియకుండా వచ్చిపడుతుంది. విమానంలో భోజనంతో ఇచ్చే తడి టిష్యూ, హోటల్ గదిలో సబ్బు, టూత్‌పేస్టు ఘాటు, డేరాలో ఎవరో పంచే క్రీము. అన్నింటికన్నా పెద్దది కాబా గోడ. గోడకూ దాని మీద కప్పిన బట్ట గిలాఫ్‌కూ ఊద్, అత్తరు దట్టంగా పూస్తారు. హజ్రె అస్వద్‌కూ కాబా తలుపుకూ మధ్యనున్న ముల్తజమ్ దగ్గర గుండె ఆనించి ఏడవాలని ప్రతి ఒక్కరికీ ఉంటుంది, ఇహ్రామ్‌లో ఉండగా ఆ పని చేస్తే ఒళ్లంతా అత్తరే. నఫిల్ (ఐచ్ఛిక) తవాఫ్‌లో, మామూలు బట్టల్లో ఉన్నప్పుడు ఆ కోరిక తీర్చుకోవాలి. కుట్టిన బట్టలు పన్నెండు గంటలు వేసుకుంటే దమ్, అంతకన్నా తక్కువైతే రంజాన్‌లో ఇచ్చే ఒక ఫిత్రా అంత సదఖా (దానం).

తవాఫ్ హజ్రె అస్వద్ ఎదుట మొదలై అక్కడే ముగుస్తుంది. ఆ రాయి మూలకు ఎదురుగా మస్జిద్ గోడ మీద పచ్చదీపం వెలుగుతుంది, జనంలో రాయి కనపడకపోయినా ఆ దీపం కనపడుతుంది. కాస్త ముందే ఆగి నియ్యత్ చేసుకుని ఆ రాయి సూటికి రండి. కాబా ఎప్పుడూ ఎడమ భుజం వైపే ఉండాలి. ఇస్తిలామ్ కోసం ముఖం తిప్పినప్పుడు అడుగు ముందుకు పడకూడదు, తిరిగి భుజం సరిచేసుకుని కదలాలి. ఉమ్రా తవాఫ్‌లో మగవాళ్లు కుడి భుజం బయట పెడతారు, అది ఇజ్తిబా. మొదటి మూడు చుట్లు భుజాలు కదిలిస్తూ చిన్న అడుగులతో వడిగా నడుస్తారు, అది రమల్. దాని వెనక ఒక రోజుంది. హిజ్రీ 7లో ముస్లిములు ఉమ్రాకు వస్తే, యస్రిబ్ (మదీనా పాత పేరు) జ్వరాలకు వీళ్లు పీనుగులైపోయారని మక్కావాసులు కొండల మీద నుంచి చూస్తూ మాట్లాడుకున్నారు. చూపించండి మీ సత్తువ అని ప్రవక్త (స) సహాబాలకు (అనుచరులకు) చెప్పారు. ఆ మాటన్న మక్కా తెగ ఖురైషూ పోయారు, ఆ రోజూ పోయింది, నడక మాత్రం మిగిలింది. తవాఫ్ అయ్యాక నమాజ్‌కు నిలబడేముందు భుజం కప్పుకోవాలి. విమానం నుంచి ఇంటికొచ్చేదాకా భుజం తెరిచే తిరిగేవాళ్లు కనిపిస్తారు, ఇజ్తిబా తవాఫ్‌కే పరిమితం.

ఇక హతీం. కాబా ఉత్తరం వైపు ఛాతీ ఎత్తున అర్ధచంద్రాకారపు పాలరాతి గోడ ఉంటుంది. ఖురైష్ కాబాను తిరిగి కట్టేటప్పుడు, హలాల్ సంపాదన మాత్రమే వాడాలని పట్టుబట్టి, డబ్బు చాలక ఇబ్రాహీం (అ) పునాదిలో కొంత భాగాన్ని బయట వదిలేశారు. ఆ భాగమే ఈ గోడ లోపల ఉంది. అంటే అది కాబాయే. గోడకూ కాబాకూ మధ్య సందు కనపడిందని, దారి దగ్గరవుతుందని అందులోంచి దూరి వెళ్తే ఆ చుట్టు లెక్కలోకి రాదు. కాబా చుట్టూ తిరగాల్సినవాడు కాబాలోంచి నడిచినట్టు. ఆ చుట్టు మళ్లీ తిరగాలి. లోపల రెండు రకాత్‌ల నమాజ్ చదవడమంటే కాబా లోపల చదివినట్టే, వీలు దొరికితే వదులుకోకండి.

వుజూ (నమాజ్‌కు ముందు చేసే శుద్ధి) మధ్యలో పోతే వెళ్లి చేసుకొచ్చి ఆగిన దగ్గరి నుంచి కొనసాగించవచ్చు, నాలుగు చుట్లు కాకముందే అయితే మొదటి నుంచి చేయడం మేలు. లెక్క అనుమానం వస్తే తక్కువ అంకె పట్టుకోండి. ఏడు పూసల దారం వేలికి చుట్టుకుంటే అసలు అనుమానమే రాదు. చక్రాల కుర్చీలను పై అంతస్తులకు పంపుతారు. అక్కడ ఒక్కో చుట్టు కింద మతాఫ్ కన్నా మూడు నాలుగు రెట్లు పొడవు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు జనం తక్కువని పైకెక్కి, మూడో చుట్టుకే కూలబడతారు. తెల్లవారుజాము నమాజ్ ఫజర్‌కు ముందు, లేదా రాత్రి నమాజ్ ఇషా తర్వాత బాగా పొద్దుపోయాక కింద చేయడమే వాళ్లకు సుఖం.

సయీ సఫాలో మొదలై మర్వాలో ముగియాలి. సఫా నుంచి మర్వాకు ఒకటి, మర్వా నుంచి సఫాకు రెండు. పోయి రావడం కలిపి ఒకటని లెక్కేసి పద్నాలుగు తిరిగే కుటుంబాలు ప్రతి ఏడూ ఉంటాయి. లెక్క సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి తేలిక ఉపాయం: బేసి సంఖ్య ఎప్పుడూ మర్వాలోనే పూర్తవుతుంది. మొత్తం దాదాపు మూడు కిలోమీటర్ల నడక. పచ్చదీపాల మధ్య మగవాళ్లు వడిగా నడవాలి, ఆడవాళ్లు మామూలుగానే. ఆ పచ్చదీపాల చోటు ఒకప్పుడు లోయ అడుగు. పసివాడు ఇస్మాయీల్ (అ)ను కింద పడుకోబెట్టి నీళ్ల కోసం ఆ గుట్టకూ ఈ గుట్టకూ తిరిగిన హాజరా అమ్మకు లోయలోకి దిగగానే బిడ్డ కనపడకుండా పోయేవాడు, అందుకే ఆ మేర ఆమె పరుగెత్తింది. ఒక తల్లి ఆదుర్దాను అల్లాహ్ కోట్లాది మగవాళ్ల చేత అడుగడుగునా అనుకరింపజేస్తున్నాడు. ఈ సంగతి తెలిసి నడిస్తే ఏ పుస్తకం చూసి చదవకపోయినా నోటికి దుఆ దానంతటదే వస్తుంది. నీళ్లు దొరికింది ఆమె పరుగెత్తిన గుట్టల మీద కాదు, పిల్లవాడి కాళ్ల దగ్గర.

మర్వా మీద కత్తెర పట్టుకుని ఎవరో ఒకరు నిలబడి ఉంటారు, అక్కడొక వెంట్రుక, ఇక్కడొక వెంట్రుక కత్తిరించి అయిపోయిందంటారు. హనఫీ ప్రకారం కనీసం తలలో నాలుగో వంతు వెంట్రుకలు వేలి కణుపు పొడవు తగ్గాలి. అంతకన్నా పొట్టి జుట్టున్నవాడు గొరిగించుకోవాల్సిందే. మంగలి దుకాణంలో కొత్త బ్లేడు కళ్లముందు వేయించుకోండి, ఒకే బ్లేడుతో కామెర్ల జబ్బు ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. ఆడవాళ్లు జుట్టంతా చేతిలోకి తీసుకుని చివర కణుపు కన్నా కాస్త ఎక్కువే కత్తిరించుకోవాలి, గదికి వచ్చాక చేసుకోవచ్చు.

హజ్ కమిటీ హాజీల బస ఎక్కువగా మక్కాలోని అజీజియాలో. పాత హైదరాబాద్ రాజ్యం జిల్లాల వారికి కొందరికి నిజాం రుబాత్ అనే సత్రంలో ఉచిత బస దొరుకుతుంది, అది ఆనాటి నిజాంలు హాజీల కోసం వక్ఫ్ చేసిన ఆస్తి. అజీజియా నుంచి హరంకు (కాబా ఉన్న మస్జిద్‌కు) బస్సులుంటాయి, కానీ హజ్ దగ్గర పడ్డాక కొన్ని రోజులు ఆపేస్తారు. ఆ రోజుల్లో రోజూ హరంకు నడిచి వెళ్లి ఒంట్లో సత్తువంతా పోగొట్టుకుని మినాకు చేరేసరికి జ్వరంతో పడుకునేవాళ్లు ఎందరో. నఫిల్ తవాఫ్‌లు పదైనా ఇరవయ్యైనా అరఫాత్ ఒక్క పూటకు సాటి రావు. జుల్‌హిజ్జా 5 నుంచి విశ్రాంతి తీసుకోవడం కూడా హజ్ తయారీలో భాగమే.

8న ఇహ్రామ్ కట్టి మినాకు చేరాలి. బస్సులు తరచుగా 7 రాత్రే బయల్దేరదీస్తాయి, ఆందోళన పడనక్కర్లేదు. మధ్యాహ్నపు జొహర్ నుంచి మర్నాడు ఫజర్ దాకా ఐదు నమాజ్‌లు మినాలో చదవడం సున్నత్. 1997లో డేరాలు అంటుకుని 343 మంది చనిపోయాక నిప్పంటుకోని డేరాలు వేశారు. డేరాలన్నీ ఒకేలా ఉంటాయి. టాయిలెట్‌కని బయటికొచ్చి గంటల తరబడి వెతుక్కునేవాళ్లను చూస్తే జాలేస్తుంది. డేరా నంబరు, దగ్గరి స్తంభం నంబరు ఫోనులో ఫొటో తీసుకోవాలి, ఫోను లేని ఆడవాళ్ల చేతి మీద పెన్నుతో రాయాలి. మినా చాలక కొన్ని డేరాలు ముజ్దలిఫా హద్దులో వేస్తారు, వాటినే న్యూ మినా అంటారు. అక్కడ చోటు వచ్చిందని ఏడవకండి. హనఫీలకు మినా రాత్రులు సున్నత్, అక్కడున్నందుకు దమ్ ఏమీ లేదు.

9వ తేదీ అరఫాత్. సూర్యుడు నడినెత్తి దాటిన దగ్గరి నుంచి 10వ తేదీ తెల్లవారుజాము ఫజర్ వేళ మొదలయ్యేదాకా ఆ సమయంలో ఒక్క క్షణమైనా ఆ మైదానంలో ఉండి తీరాలి. నిద్రపోయినా, వుజూ లేకపోయినా, నెలసరిలో ఉన్నా వుఖూఫ్ చెల్లుతుంది. పగలు చేరినవాళ్లు సూర్యాస్తమయం దాకా ఆగడం వాజిబ్, ముందే హద్దు దాటితే దమ్. హద్దుల దగ్గర పెద్ద పసుపుపచ్చ బోర్డులున్నాయి. అరఫాత్ అంచునున్న మస్జిదె నమిరాలో ముందు భాగం ఉరనా లోయలో ఉంది, అది అరఫాత్ కాదు. ఇమామ్ వెనక మొదటి వరుసలో కూర్చోవాలని తెల్లవారుజామునే వెళ్లినవాడు నమాజ్ కాగానే వెనక భాగంలోకి రాకపోతే అతని హజే ప్రమాదంలో పడుతుంది. మైదానంలోని జబలె రహ్మత్ గుట్ట ఎక్కడం ఫర్జూ కాదు, వాజిబూ కాదు. ఎండలో ఆ గుట్ట ఎక్కడానికి పోయి డేరా దారి తప్పినవాళ్లకు దుఆల వేళంతా వెతుకులాటలోనే గడిచిపోతుంది. నమిరాలో ఇమామ్ వెనక చదివేవారు జొహర్, అసర్ కలిపి చదువుతారు. డేరాలో చదివే హనఫీలు ఏ నమాజ్ ఆ వేళకు చదువుతారు. డేరాలో ఏటా ఈ విషయం మీద గొడవే. హజ్‌లో గొడవ పడకూడదని ఖుర్ఆన్ రెండో సూరా 197వ వాక్యం పేరు పెట్టి మరీ చెప్పింది.

అరఫాత్ హరం హద్దు బయట ఉంది. ఇస్లాంకు ముందు ఖురైష్ పెద్దలు తాము కాబా సంరక్షకులమని, హద్దు దాటి మామూలు జనంతో కలవడం తమ హోదాకు తక్కువని ముజ్దలిఫాలోనే ఆగిపోయేవారు. జనమంతా ఎక్కడి నుంచి తిరుగుతారో మీరూ అక్కడి నుంచే తిరగండి అని అదే సూరా 199వ వాక్యం వచ్చింది. హిజ్రీ 10లో, 632లో, ప్రవక్త (స) హిజ్రత్ తర్వాత చేసిన తన ఒకే ఒక హజ్‌లో ఆ మైదానంలోనే నిలబడ్డారు, ఆ హజ్‌లోనే అరబ్బుకు అరబ్బేతరుడి మీద ఏ ఆధిక్యమూ లేదన్న సందేశం వినిపించారు. ఇహ్రామ్ తెల్లబట్టల అర్థం తెలుసుకోవాలంటే ఆ చరిత్ర తెలియాలి.

ఎండ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. 2024 హజ్‌లో మస్జిదె హరం దగ్గర 51.8 డిగ్రీలు నమోదైంది, 1,301 మంది చనిపోయారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. వాళ్లలో ఎక్కువమంది అనుమతి లేకుండా వచ్చి, డేరా నీడ లేక ఎండలో నడిచినవాళ్లు. హజ్ ఏటా 10, 11 రోజులు ముందే వస్తుంది కనుక రాబోయే ఏళ్లలో వేడి మెల్లగా తగ్గుతుంది. మగవాడు తలకు బట్ట తగిలించకూడదు గానీ గొడుగు పట్టుకోవచ్చు, పట్టుకోవాలి కూడా. ఓఆర్ఎస్ పొట్లాలు రోజుకు రెండు మూడు దగ్గరుంచుకోండి. టాయిలెట్ లైనుకు భయపడి నీళ్లు తాగడం మానేసేవాళ్లు, ముఖ్యంగా మన ఆడవాళ్లు, సాయంత్రానికి కళ్లు తిరిగి పడిపోతున్నారు. హాజీకి ఆ రోజు ఉపవాసం ఉండక్కర్లేదు.

సూర్యుడు అస్తమించాక మగ్రిబ్ చదవకుండానే బయల్దేరాలి. ముజ్దలిఫా చేరాక ఇషా వేళలో మగ్రిబ్, ఇషా కలిపి చదవాలి. బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే కంగారుపడి రోడ్డు మీదే మగ్రిబ్ చదివేస్తారు. ఫజర్ వేళ ముంచుకొస్తుందన్న భయం ఉంటే తప్ప ఆ పని చేయకూడదు. ముజ్దలిఫాలో డేరాలు లేవు. ఆకాశం కింద కంకర నేల, దుమ్ము, పరుచుకున్న చాపలు, పెద్ద దీపస్తంభాల తెల్లటి వెలుగు. పక్కనే కోటీశ్వరుడు పడుకుని ఉండొచ్చు, అతనికీ అదే కంకర. హనఫీలకు వాజిబ్ అయిన వేళ ఫజర్ మొదలైనప్పటి నుంచి సూర్యోదయం లోపు. ఇక్కడే మోసం జరుగుతుంది. బస్సులవాళ్లు అర్ధరాత్రి దాటగానే పదండి పదండి అని లేపేస్తారు. ముసలివాళ్లు, రోగులు, ఆడవాళ్లు జనానికి భయపడి వెళ్లిపోతే వాళ్లకు మినహాయింపు ఉంది. ఆరోగ్యంగా ఉన్న మగవాడు కదలకూడదు, తెల్లవారాక మినాకు నడిచైనా వెళ్లొచ్చు. జనం కూర్చున్నారని కూర్చోకుండా, ముజ్దలిఫా మొదలైందన్న బోర్డు దాటామో లేదో చూసుకోవాలి. ముందు వెళ్లినవాడు అలసిపోయి హద్దు ఇవతలే చాప పరిస్తే, వెనక వంద మంది పరుస్తారు.

రాళ్లు ఇక్కడ ఏరుకోవడం మంచి పద్ధతి. 12తో ముగించేవారికి 49, 13 దాకా ఆగేవారికి 70, ఐదారు అదనంగా. శనగగింజ కన్నా కాస్త పెద్దది చాలు. పెద్దరాయి కొడితే షైతాన్‌కు ఎక్కువ దెబ్బ తగలదు, ముందున్న హాజీ తలకు తగులుతుంది. చిన్న గుడ్డసంచిలో ఏడేడు చొప్పున మూటలు కడితే జమరాత్ దగ్గర లెక్క తడబడదు.

10న పెద్ద జమరాకు మాత్రమే ఏడు రాళ్లు. ఒక్కొక్కటిగా వేయాలి, ఏడూ కలిపి విసిరితే ఒకటి కిందే లెక్క. గోడకు తగలకపోయినా తొట్టిలో పడితే చాలు. మొదటి రాయితో తల్బియా ఆగిపోతుంది. పాత వంతెన దగ్గర 2006లో తొక్కిసలాటలో 346 మంది చనిపోయాక ఐదంతస్తుల కొత్త వంతెన కట్టారు, వెళ్లే దారి వేరు, వచ్చే దారి వేరు. ఎదురు తిరగకూడదు, కింద పడిన చెప్పు కోసం వంగకూడదు. గోడ 26 మీటర్ల పొడవుంటుంది, అందరూ ఈ చివరే గుమిగూడతారు. నాలుగడుగులు ముందుకెళ్తే ఖాళీ ఉంటుంది. జనం ఉన్నారన్న కారణంతో ఒకరి బదులు ఇంకొకరు కొట్టడం చెల్లదు. నిలబడి నమాజ్ చదవలేనంత బలహీనులకే ఆ సౌకర్యం. ఆడవాళ్లను రాత్రి తీసుకెళ్లండి. షైతాన్ అక్కడ కట్టేసి ఉన్నాడనుకుని తిట్లు తిడుతూ చెప్పులు విసిరేవాళ్లు ఇబ్రాహీం (అ) ఏం చేశారో మరిచిపోయారు. ఆయన దారికి అడ్డమొచ్చిన దుర్బోధను కాదని అల్లాహ్ పేరు తలిచి ముందుకెళ్లారు. రాయి విసిరేటప్పుడు పలికేది ‘అల్లాహు అక్బర్’.

ఆ తర్వాత ఖుర్బానీ, ఆ తర్వాత తల గొరిగించుకోవడం. ఇమామ్ అబూ హనీఫా దగ్గర ఈ వరస వాజిబ్, తప్పితే దమ్. ఆయన శిష్యులిద్దరూ, ఇతర ఇమాములూ వరసను సున్నత్ అన్నారు. అదాహీ (సౌదీ ప్రభుత్వ ఖుర్బానీ పథకం) కూపన్ మీద ఖుర్బానీ అయ్యే సమయం కచ్చితంగా తెలియదు కనుక ఈ రోజుల్లో చాలామంది ఆలిమ్‌లు సడలింపు ఇస్తున్నారు. నా మటుకు, చెప్పిన సమయానికి నాలుగైదు గంటలు కలిపి ఆగి అప్పుడు గొరిగించుకుంటే మనసులో ములుకు ఉండదు. ఇది హజ్ ఖుర్బానీ. బక్రీద్ ఖుర్బానీ మీ మీద వాజిబ్ అయ్యే పరిస్థితి ఉంటే అది వేరు, ఊళ్లో ఇంటివాళ్ల చేత చేయించవచ్చు. గొరిగే వేళ వచ్చాక ఇద్దరు హాజీలు ఒకరికొకరు చేసుకోవచ్చు, అందులో దోషం లేదు. దాంతో ఇహ్రామ్ ఆంక్షలన్నీ తొలగుతాయి, భార్యాభర్తల సంబంధం తప్ప.

అదీ తొలగాలంటే తవాఫె జియారత్ అవ్వాలి. 10 నుంచి 12 సూర్యాస్తమయం లోపు చేయాలి, ఆలస్యమైతే దమ్. మామూలు బట్టల్లోనే చేయొచ్చు. వెంటనే హజ్ సయీ. నెలసరి వచ్చిన స్త్రీ శుద్ధి అయ్యేదాకా ఆగాలి, ఆమె మీద దమ్ లేదు. ఇది చేయకుండా ఇంటికి వచ్చేయడం కుదరదు, విమానం తేదీ దగ్గరుంటే హాజీల సాయానికి వెంట వచ్చే ప్రభుత్వ సిబ్బందికి (ఇదివరకు ఖాదిముల్ హుజ్జాజ్ అనేవారు) మొహమాటపడకుండా ముందే చెప్పాలి. నెలసరి ఆపే మాత్రలు వాడదలిస్తే డాక్టరును అడిగి ఇక్కడ ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. అక్కడికెళ్లాక మధ్యలో మొదలుపెట్టినవాళ్లకు మచ్చలు కనపడుతూ శుద్ధి అయిందో లేదో తెలియక మరింత నరకం.

11, 12 తేదీల్లో మూడు జమరాలకూ ఏడేసి. సూర్యుడు నడినెత్తి దాటాకే, చిన్నది, మధ్యది, పెద్దది అన్న వరసలో. మొదటి రెండింటి దగ్గర పక్కకు తప్పుకుని ఖిబ్లా (కాబా) వైపు తిరిగి దుఆ చేయాలి, మూడోదాని దగ్గర ఆగకుండా వెళ్లిపోవాలి. 12న బస్సు ఉందని పొద్దున్నే కొట్టేసి సామాను సర్దేవాళ్లున్నారు, అది చెల్లదు, మళ్లీ కొట్టాలి. సూర్యాస్తమయం లోపు మినా దాటడం మంచిది, 13 తెల్లవారేదాకా అక్కడే ఉండిపోతే ఆ రోజు రాళ్లు కూడా వాజిబ్ అవుతాయి.

మిగిలింది తవాఫె విదా, అంటే వీడ్కోలు తవాఫ్. తవాఫె జియారత్ తర్వాత చేసిన ఏ నఫిల్ తవాఫ్ అయినా అవసరమైతే దాని కింద జమ అవుతుంది, అయినా బయల్దేరే ముందు చేయడమే పద్ధతి. బస్సు తెల్లవారుజామున ఉంటే ముందు రోజు ఇషా తర్వాత చేసేయండి, గంట ముందు పరుగెత్తకండి. నెలసరిలో ఉన్న స్త్రీకి ఇది మాఫీ. తిరిగొచ్చేటప్పుడు కాబా వైపు చూస్తూ వెనక్కి వెనక్కి నడవక్కర్లేదు, వెనక వచ్చేవాళ్లను గుద్దుకోవడం తప్ప అందులో పుణ్యం లేదు. జమ్‌జమ్ సీసాలు లగేజీలో పెట్టొద్దు, విమానాశ్రయంలో తీసి పక్కన పడేస్తారు. హాజీకి ఐదు లీటర్ల క్యాన్ విమాన సంస్థే తెచ్చి ఇక్కడ దిగాక ఇస్తుంది, బ్యాగులు తీసుకునే హడావుడిలో అది తీసుకోవడం మరిచిపోకండి.